రిచీ స్ట్రీట్‌లో చిన్న ఆసిలోస్కోప్ చూశాను, కొనొచ్చా?

వేళచ్చేరి_వైరు:
అందరికీ నమస్కారం. ఉండేది చెన్నైలో, ఆఫీసు అయ్యాక ఇంట్లో ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో మేడమీద మొక్కలకు నీళ్లు పెట్టే సర్క్యూట్ చేస్తున్నాను. 12 వోల్టుల అడాప్టర్, దాన్ని ఎల్‌ఎం2596 అనే వోల్టేజ్ తగ్గించే చిప్ ఉన్న మాడ్యూల్‌తో 5కి దించి బోర్డుకీ చిన్న పంపుకీ ఇస్తున్నా. పంపు ఆన్ అయితే చాలు బోర్డు రీసెట్ అవుతోంది, మల్టీమీటర్ పెడితే మాత్రం 5 వోల్టులు కదలకుండా ఉంది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో డీఎస్‌ఓ138 కిట్ చూశాను, మనమే అతికించుకునే చిన్న స్కోప్, అంటే వోల్టేజ్ మార్పుల్ని తెరమీద గీతగా చూపేది. 200 కిలోహెర్ట్జ్ వేగం దాకా సిగ్నళ్లు చూపిస్తుంది అన్నారు. తీసుకోనా, డబ్బు కూడబెట్టి పెద్దదే కొననా?

పాత_సోల్డర్:
ఈ పనికి అది చాలండీ. మీటర్ సగటు చూపిస్తుంది, వోల్టేజ్ నాలుగైదు మిల్లీసెకన్లు పడిపోయి లేస్తే దానికి తెలియనే తెలియదు. సింగిల్ మోడ్‌లో (ఒక్కసారి పట్టి ఆగిపోతుంది), ఫాలింగ్ ఎడ్జ్ మీద (వోల్టేజ్ పడేటప్పుడు), ట్రిగ్గర్, అంటే పట్టడం మొదలుపెట్టే స్థాయి, 4.5 వోల్టుల దగ్గర పెట్టి పంపు ఆన్ చేయండి, దొరికిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఎల్‌ఎం2596 స్విచింగ్ (లోపల ఆన్-ఆఫ్ అయ్యే వేగం) 150 కిలోహెర్ట్జ్, ఈ స్కోప్ సెకనుకు 10 లక్షల శాంపిళ్లే తీస్తుంది, అంటే ఒక్కో సైకిల్‌కు ఆరేడు చుక్కలు, కాబట్టి స్క్వేర్ వేవ్ గుండ్రంగా కనబడుతుంది, అది చూసి సర్క్యూట్ పాడైందని అనుకోకండి. ఫ్రీక్వెన్సీ మాత్రం తెలుస్తుంది. నా మాడ్యూల్ 150 బదులు 50 కిలోహెర్ట్జ్ చుట్టూ చూపించింది, పేరు మార్చి అమ్మిన చిప్ అని అలాగే పట్టుకున్నా.

తాంబరం_ట్రేస్:
అన్న చెప్పింది నిజమే, కానీ ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య వేగంగా డేటా పంపే పద్ధతి) లాంటివాటి జోలికి వెళ్తే ఇది పనికిరాదు. బిట్లు చదవడానికైతే 8 ఛానెళ్ల చిన్న లాజిక్ అనలైజర్ (సిగ్నల్‌ను 0, 1లుగా మాత్రమే నమోదు చేసేది), పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ చాలు, సిగ్నల్ అంచుల ఆకారం చూడాలంటేనే రిగోల్ డీఎస్1054జెడ్ లాంటి 50 మెగాహెర్ట్జ్ స్కోప్ కావాలి.

దయచేసి దీన్ని కరెంటు ప్లగ్ దగ్గరకు తీసుకెళ్లకండి. 230 వోల్టుల పీక్ 325, ఈ కిట్ తట్టుకునేది 50. పెద్ద స్కోప్‌లోనూ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, లైవ్ వైపు తగిలిస్తే షార్టే. భయపెట్టాలని కాదు, మా ఇంట్లో ఫ్యూజ్ అలాగే పోయింది.

వేళచ్చేరి_వైరు:
ఆదివారం తెచ్చి అతికించాను. పంపు మొదలవగానే 5 కాస్తా 3 దాకా పడి దాదాపు 4 మిల్లీసెకన్లకు లేస్తోంది! బోర్డు మీద ఈఎస్‌పీ32కు వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటర్ ఏఎంఎస్1117కి 3.3 వోల్టులు ఇవ్వాలంటే పైన మరో వోల్టు ఉండాలి కదా, మరి రీసెట్ అవ్వక ఏమవుతుంది. పంపుకు వేరే మాడ్యూల్ పెట్టాను, బోర్డు వైపు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను, ఇప్పుడు గీత 4.8 కిందికి దిగడం లేదు. రాత్రి నుంచి ఒక్క రీసెట్ కూడా లేదు.