చెత్త బండ్లు కొనేటప్పుడు: పెద్ద కాంపాక్టర్లా, చిన్న టిప్పర్లా?

పటమట_రోడ్డు:
విజయవాడ లాంటి ఊరికి కొత్త చెత్త బండ్లు కొనాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? డివిజన్‌కి 4,000 ఇళ్లు అనుకుందాం. కాంపాక్టర్లు (చెత్తను నొక్కి నింపుకునే పెద్ద లారీలు) ఎక్కువ తీసుకుంటే ట్రిప్పులు తగ్గుతాయని కొందరు, వన్‌టౌన్ సందుల్లోకి అవి దూరవని కొందరు. టెండర్‌లో ఏం రాయించాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

కాటా_చీటీ:
ఆ రెండూ ఒకదానికి ఒకటి బదులు కావండి. ఇంటింటికీ టిప్పర్ (డబ్బా ఎత్తి చెత్త దింపే చిన్న బండి) తిరుగుతుంది, అది తెచ్చినదాన్ని కాంపాక్టర్ మోస్తుంది. ముందు టిప్పర్ లెక్క తేల్చుకోండి.

ఇంటికి రోజుకు 1.6 కిలోలు, అందులో 60 శాతం తడి అనుకుందాం. తడి చెత్త ఘనపు మీటరుకు సుమారు 450 కిలోలు తూగుతుంది, పొడి చెత్త 120 మించదు. అంటే ఒక్కో ఇంటికి తడి 2.1 లీటర్లు, పొడి 5.3 లీటర్లు. 2 ఘనపు మీటర్ల టిప్పర్ డబ్బా 270 ఇళ్లకే నిండిపోతుంది. అప్పటికి బరువు 430 కిలోలే. కాబట్టి బండి ఎన్ని కిలోలు మోస్తుందని కాదు, డబ్బాలో ఎంత పడుతుందని అడగండి.

అందరూ చేసే తప్పు ఇంకోటుంది. డబ్బాలో తడి, పొడి వేరుచేసే అడ్డుగోడ సరిగ్గా సగానికి పెట్టిస్తారు. అప్పుడు పొడి వైపు 190 ఇళ్లకే నిండుతుంది, మిగతా పొడి చెత్త తడి వైపు పడుతుంది. వేరు చేసి ఇచ్చినవాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. తడికి మూడో వంతు, పొడికి రెండు వంతులు వదలండి.

270 ఇళ్లకు ఇంటికి 20 సెకన్ల చొప్పున గంటన్నర, దింపి రావడానికి 40 నిమిషాలు. ఉదయం 6 నుంచి 1 గంట లోపు మూడు ట్రిప్పులు. మొత్తం 15 ట్రిప్పులకు 5 బండ్లు, స్పేర్ ఒకటి. ఈ అంకెలు వాడే ముందు మీ డివిజన్‌లో వారం రోజులు తూకం వేయించండి, పెళ్లిళ్ల సీజన్లో వద్దు.

హైడ్రాలిక్_46:
కాంపాక్టర్ గురించి నేను చెప్తాను. 18.5 టన్నుల చాసిస్ మీద 14 ఘనపు మీటర్ల బాడీ మామూలుగా వాడేది. మన తడి చెత్త నొక్కితే పెద్దగా తగ్గదు, నీళ్లు కారతాయి. బండిని పాడుచేసేది ఆ నీళ్లే. ఫ్లోర్ రేకు తింటుంది, లిమిట్ స్విచ్ వైర్లు తుప్పు పడతాయి, వెనక తలుపు రబ్బరు తెగితే రోడ్డంతా కారుతుంది. ఆ నీళ్లు పట్టే ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుదే అడగండి, వాల్వు చేతితో శుభ్రం చేసేలా ఉండాలి.

డెలివరీ రోజున హాపర్‌లో (చెత్త వేసే వెనక తొట్టిలో) నీళ్లు నింపి అరగంట ఉంచండి. చుక్క కారినా వెనక్కి పంపండి. ఖాళీ బండినీ, నిండు బండినీ ఇరుసుల వారీగా తూకం వేయాలి, వెనక ఇరుసు మీదే భారం పడుతుంది కనుక.

రోజూ అరిగేవి చెత్తను లోపలికి నొక్కే ప్యాకర్ ప్లేటు కింద నైలాన్ ప్యాడ్లు, సిలిండర్ సీళ్లు. సిలిండర్ రాడ్డు మీద ఇసుక గీత పడిందంటే కొత్త సీలు వేసినా నిలవదు.

బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో ఇంకో తంటా. ఆగుతూ ఆగుతూ తిరిగితే పొగ గొట్టం ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది. లైటు వెలిగినప్పుడు ఆ మసిని కాల్చుకోనివ్వాలి, డ్రైవర్ పట్టించుకోకపోతే ఇంజిన్ పవర్ తగ్గిపోతుంది. శిక్షణ కూడా టెండర్‌లో రాయించండి.

పటమట_రోడ్డు:
మెయింటెనెన్స్ ఒప్పందం ఎవరితో చేసుకోవాలి? చాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది కదా.

హైడ్రాలిక్_46:
పీకులాట అక్కడే. పీటీవో (ఇంజిన్ శక్తిని హైడ్రాలిక్ పంపుకి అందించే భాగం) ఆగితే చాసిస్ వాళ్లు పంపు తప్పంటారు, బాడీ వాళ్లు గేర్‌బాక్సు తప్పంటారు, బండి షెడ్డులో పడుంటుంది. ఒప్పందం ఒక్కరితోనే, ఐదేళ్లు. 48 గంటల్లో బాగు కాకపోతే బదులు బండి, లేదంటే రోజుకింత కోత.

కొండ_మెట్లు:
గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఇళ్లకు ఏ బండీ ఎక్కదు. అక్కడ మనుషులు బుట్టలతో కిందికి దింపుతారు, కొండ అడుగున 1,100 లీటర్ల చక్రాల డబ్బాలు కావాలి. వాటిని ఎత్తే చేతులు మీ కాంపాక్టర్‌కి ఉండాలి, డబ్బా కొలతకు సరిపోవాలి. డబ్బాలు ఒక టెండర్, బండ్లు ఇంకో టెండర్ వేస్తే అవి కలవకపోవడం ఖాయం.

చెత్తను మండించి కరెంటు తీసే కొండవీడు ప్లాంటుకి వెళ్లాల్సిన పొడి చెత్తకు 14 ఘనపు మీటర్ల కాంపాక్టర్ కూడా దండగే. అంత దూరం హైవే మీద వెళ్లడానికి ట్రాన్స్‌ఫర్ స్టేషన్ (చిన్న బండ్ల చెత్తను పెద్ద బండికి మార్చే చోటు) నుంచి హుక్ లోడర్ (కంటైనర్‌ని కొక్కెంతో ఎత్తుకునే లారీ), 20 ఘనపు మీటర్ల కంటైనరే మేలు. తడి కలిస్తే అక్కడ సరిగ్గా మండదు, అందుకే పైన చెప్పిన అడ్డుగోడ సంగతి మర్చిపోకండి.