మానిటర్ లేని రాస్‌బెర్రీ పై 4: లాగిన్ అవుతుంది, కానీ నల్ల తెరే

డాబామీదచుక్కలు:

నమస్కారం అందరికీ. రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (4 జీబీ) ఒకటి టెలిస్కోప్ ట్రైపాడ్‌కి కట్టేసి ఉంచాను. మౌంటు (టెలిస్కోప్‌ని తిప్పే మోటారు భాగం), పెద్ద కెమెరా, గైడ్ కెమెరా (గురి చెదరకుండా కనిపెట్టేది) మూడూ దాని యూఎస్‌బీలకే. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్లు కేస్టార్స్, ఎకోస్ కూడా పైలోనే నడుస్తాయి. నాకు కావలసిందల్లా కింద గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆ డెస్క్‌టాప్ చూడటం. రాత్రంతా మంచులో నిలబడే ఓపిక లేదు.

ఓఎస్ రాస్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ వెర్షన్, 64 బిట్. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు టైపు చేసే దారి) ఇబ్బంది లేకుండా కలుస్తోంది. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఎలాగూ ఉంది కదా అని, దానికి జవాబిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ పైలో పెట్టాను. పాస్‌వర్డ్ అడుగుతుంది, తీసుకుంటుంది, ఆ తర్వాత నల్ల తెర, కాసేపటికి దానంతట అదే మూసుకుపోతుంది. వీఎన్‌సీ (తెరను దూరం నుంచి చూపించే ఇంకో పద్ధతి) అయితే మానిటర్ తగిలించి ఉన్నంతసేపూ బాగుంది. మానిటర్ కేబుల్ తీసి రీబూట్ చేస్తే అదీ పోయింది.

ఈ రెండిట్లో దేని వెంట పడాలి? అర్ధరాత్రి ల్యాప్‌టాప్ మూసేసి పడుకుంటే ఫొటోలు తీయడం ఆగిపోతుందా? అసలు టెన్షన్ అదే.

తీగలమనిషి:

పై సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో డెస్క్‌టాప్ ఆటో లాగిన్ తీసేసి రీబూట్ చేయండి. ఎక్స్‌ఆర్‌డీపీ వచ్చేస్తుంది.

పాతకీబోర్డు:

తీగలమనిషి సలహా పనిచేస్తుంది, కానీ ఎందుకు పనిచేస్తుందో చెప్పకపోతే రేపు ఇంకోచోట ఇరుక్కుంటారు.

ఎక్స్‌ఆర్‌డీపీ మీ ఎదురుగా ఉన్న తెరను చూపించదు. మీ పేరుతో ఇంకో కొత్త డెస్క్‌టాప్ తెరుస్తుంది. పై బూట్ అవగానే అదే యూజర్‌తో ఆటో లాగిన్ అయి ఒక డెస్క్‌టాప్ అప్పటికే నడుస్తోంది. ఒకే యూజర్‌కి రెండు డెస్క్‌టాప్‌లంటే గొడవే, ఆ గొడవే మీ నల్ల తెర. ఆటో లాగిన్ తీసేస్తే మొదటిది ఉండదు కాబట్టి రెండోది లేస్తుంది.

వీఎన్‌సీ దారి వేరు. బుక్‌వార్మ్ 2023 అక్టోబరులో వచ్చినప్పుడు పై 4, పై 5ల డెస్క్‌టాప్, తెరమీద కిటికీలు గీసే పాత వ్యవస్థ ఎక్స్11 నుంచి కొత్తదైన వేలాండ్‌కి మారింది. దాంతో పాత రియల్‌వీఎన్‌సీ సర్వర్ స్థానంలో వేవీఎన్‌సీ వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికే సూచనల్లో చాలావరకు దానికి ముందు రాసినవే, వాటిని చూసి తల బద్దలు కొట్టుకోకండి. వేవీఎన్‌సీ నడుస్తున్న డెస్క్‌టాప్‌నే చూపిస్తుంది. మానిటర్ లేకపోతే చూపించడానికి తెరే లేదు, మీకు జరిగింది అదే.

టెలిస్కోప్ పనికి నా ఓటు వీఎన్‌సీకే. కెమెరాని రెండు సెషన్లు ఒకేసారి పట్టుకోలేవు. ల్యాప్‌టాప్ నుంచి చూసినా, ఫోన్ నుంచి చూసినా, మానిటర్ తెచ్చి తగిలించినా కనబడేది ఒకే కేస్టార్స్ అయి ఉండాలి. మధ్యలో కరెంటు పోయి వచ్చినా ఆటో లాగిన్ వల్ల డెస్క్‌టాప్ సిద్ధంగా ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీపీని తీసేయండి, ఆటో లాగిన్ అలాగే ఉంచండి. రాస్పీ-కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌లోకి వెళ్లి వీఎన్‌సీ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో టైగర్‌వీఎన్‌సీ వ్యూయర్‌తో చేరండి. పోర్టు 5900.

ఇక లేని మానిటర్ సంగతి. సులువైన దారి హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్. పవర్ సాకెట్ పక్కనే ఉన్న మైక్రో హెచ్‌డీఎంఐలో గుచ్చితే పై దాన్ని మానిటర్ అనుకుంటుంది. కొనడం ఇష్టం లేకపోతే బూట్ విభాగంలోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో సీఎండీలైన్ ఫైలు ఉంటుంది. దాని చివర ఒక ఖాళీ వదిలి, మొదటి హెచ్‌డీఎంఐ పోర్టుకి 1920, 1080, 60 హెర్ట్జ్ అని వీడియో పరామితి రాసి, చివర పెద్ద డి అక్షరం పెట్టండి. ఏమీ తగిలించకపోయినా ఆ పోర్టుని ఆన్‌లో ఉంచమని చెప్పేది ఆ డి. ఆ ఫైలంతా ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొట్టకండి.

ల్యాప్‌టాప్ మూసేస్తే ఫొటోలు ఆగవు. మీరు మూసేది కిటికీని, అవతల పని నడుస్తూనే ఉంటుంది. లాగౌట్ మాత్రం నొక్కకండి.

తీగలమనిషి:

అసలు డెస్క్‌టాప్ ఎందుకండీ? పైలో పరికరాలతో మాట్లాడే ఇండీ సర్వర్ ఒక్కటే నడిపి, కేస్టార్స్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే పోలా? పోర్టు 7624, అంతే. రాస్‌బెర్రీ పై మీద పని భారం తగ్గుతుంది.

పాతకీబోర్డు:

వైఫై గట్టిగా ఉన్నచోట అది బాగుంటుంది, కాదనను. కానీ 20 మెగాపిక్సెల్ కెమెరా 16 బిట్‌లో తీసే ఒక్కో ఫ్రేము సుమారు 40 ఎంబీ. అదంతా గాలిలో ల్యాప్‌టాప్‌కి రావాలి. పైగా ఫొటోల వరుస నడిపేది ల్యాప్‌టాప్ అయినప్పుడు, అది నిద్రపోతే ఆ వరుస కూడా ఆగుతుంది. ప్రశ్న అడిగినాయన పడుకోవాలంటున్నారు కదా.

ఇంకొకటి, 5900ని రూటర్‌లో బయటికి తెరవకండి. ఊరు వెళ్లినప్పుడు చూడాలంటే రాస్‌బెర్రీ పై కనెక్ట్ ఉంది, 2024 మేలో బీటాగా వచ్చింది. బ్రౌజర్‌లోనే తెర కనిపిస్తుంది, దానికి వేలాండ్ ఉండాలి. మీకు ఉంది.

డాబామీదచుక్కలు:

డమ్మీ ప్లగ్‌తో వచ్చేసింది, చాలా థ్యాంక్స్ అండి. మంచం మీంచే ఫోకస్ చేస్తున్నాను. రూటర్ లేని చోటికి తీసుకెళ్లి పైలోనే హాట్‌స్పాట్ పెడితే 10.42.0.1 అడ్రస్‌లో డెస్క్‌టాప్ కూడా వస్తోంది. కానీ అక్కడ మౌంటు ఎటో చూస్తోంది! ఇంటి దగ్గర సరిగ్గా నక్షత్రం మీదికే వెళ్లేది.

పాతకీబోర్డు:

డెస్క్‌టాప్ మూల గడియారం చూడండి. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంట్లో ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది, అక్కడ ఇంటర్నెట్ లేదు కాబట్టి కిందటిసారి ఆపినప్పటి టైమ్ దగ్గర్నుంచే మొదలెడుతుంది. ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గడియారం 4 నిమిషాలు తప్పితే గురి ఒక డిగ్రీ పక్కకి పోయినట్టే.

ఇప్పటికి ఎస్‌ఎస్‌హెచ్‌లో డేట్ కమాండ్‌తో టైమ్ సరిచేసి, ఆ తర్వాతే కేస్టార్స్ తెరవండి. శాశ్వతంగా కావాలంటే డీఎస్3231 గడియారం మాడ్యూల్ బోర్డు మీది జీపీఐఓ పిన్నుల మీద పెట్టండి, లేదా యూఎస్‌బీ జీపీఎస్. జీపీఎస్ అయితే ఉన్న చోటు కూడా చెబుతుంది, మీలా సామాను మోసుకు తిరిగేవాళ్లకి అదే మేలు. పై 5లో గడియారం బోర్డులోనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం విడిగా తగిలించాలి. ప్లేట్ సాల్వింగ్‌కి (ఫొటోలోని నక్షత్రాలను బట్టి గురి ఎటుందో తేల్చడానికి) వాడే ఇండెక్స్ ఫైళ్లు కూడా బయల్దేరే ముందు ఇంట్లోనే దించుకోండి, అక్కడ దించుకోవడానికి ఇంటర్నెట్ ఉండదు.