ఏడు అసెంబ్లీలూ కూటమికి, ఎంపీ సీటు ఫ్యానుకి: తిరుపతి పార్లమెంటు లెక్క బూత్‌ల వారీగా ఎట్లా చూడాలి?

పొదలకూరు_నిమ్మకాయ:
2024 ఫలితాల మీద మా పక్క వాదన ఇంకా ఆగలేదు. సర్వేపల్లి నియోజకవర్గం నెల్లూరు జిల్లాలోనే ఉన్నా, ఎంపీ ఓటు మాత్రం తిరుపతికి వేస్తాం గదా. మాది, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట, ఆ పక్క తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, ఏడు అసెంబ్లీలూ టీడీపీ, జనసేన, బీజేపీ కూటమే గెలిచింది. ఏడు మెజారిటీలూ కూడితే లక్షన్నర దాటుతాది. ఎంపీగా మాత్రం కూటమి తరఫున నిలబడ్డ బీజేపీ మీద వైసీపీ గురుమూర్తి 14,569 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. ఒకరు యంత్రాల్లో మతలబు ఉందంటారు, ఇంకొకరు సైకిల్ వాళ్లు కమలం నొక్కలేదంటారు. రెండూ నోటిమాటలే, చేతిలో కాగితం ఎవరికీ లేదు. మా మండలం వరకైనా అంకెలు తీసి చూడాలంటే ఏ కాగితం కావాలి, యాడ దొరుకుతాది, దేన్ని దేంతో పోల్చాలి?

ఫారం_ఇరవై:
మీకు కావాల్సింది ఫారం 20. తుది ఫలితాల పట్టిక అది. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని, నోటాకి ఎన్ని, మొత్తం ఎన్ని అని వరసగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో ఎవరైనా తీసుకోవచ్చు. సర్వేపల్లికి రెండు దించుకోండి. ఒకటి అసెంబ్లీది, ఇంకొకటి తిరుపతి పార్లమెంటు కింద సర్వేపల్లి సెగ్మెంట్‌ది. చాలామంది మొదటిదొక్కటే తీసుకుని కూర్చుంటారు.

ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే జాబితాలోని ఓటర్లు రెండు యంత్రాల మీద వేసిన ఓట్లివి. ఎంపీ బ్యాలెట్ తెల్లది, ఎమ్మెల్యేది గులాబీ రంగు. కాబట్టి కేంద్రం నంబరు పట్టుకుని పక్కపక్కన పెట్టేయొచ్చు. ఇంత శుభ్రమైన పోలిక మామూలుగా దొరకదు.

తప్పులు ఎక్కువగా జరిగేది నిలువు వరసల దగ్గర. అందులో గుర్తులు ఉండవు, అభ్యర్థుల పేర్లే ఉంటాయి. ముందు గుర్తింపు పొందిన పార్టీల వాళ్లు, తర్వాత మిగతా పార్టీలు, చివర స్వతంత్రులు, ఒక్కో గుంపులో అక్షర క్రమం. అందుకని అసెంబ్లీ షీటులో మూడో వరస ఒక పార్టీదైతే ఎంపీ షీటులో మూడోది ఇంకో పార్టీది కావచ్చు. పేరు చూసి పార్టీ రాసుకున్నాకే అంకెలు ఎక్కించండి. స్కాన్ చేసిన కాగితాలైతే 3, 8 కలిసిపోయి కనిపిస్తాయి. ప్రతి అడ్డ వరసా కూడి మొత్తంతో సరిపోయిందో లేదో చూస్తే అవి పట్టుబడతాయి.

ఇంకొకటి. యంత్రాల ఓట్లు కూడిన వరసనే పోల్చండి, దాని కింద ఉండే ఆఖరి మొత్తాన్ని వదిలేయండి. అసెంబ్లీ షీటులో పోస్టల్ బ్యాలెట్లు కలిసి ఉంటాయి. ఎంపీ పోస్టల్ బ్యాలెట్లు పార్లమెంటు మొత్తానికి రిటర్నింగ్ అధికారి దగ్గర ఒకేచోట లెక్కిస్తారు, సెగ్మెంట్ షీటులోకి రావు. ఇది మర్చిపోయి ఆఖరి మొత్తాలు పోల్చి 'ఇన్ని ఓట్లు మాయం' అని వాట్సాప్‌లో తిప్పినవాళ్లు ఉన్నారు. ఉద్యోగుల పోస్టల్ ఓట్లు మన రాష్ట్రంలో బాగా ఎక్కువ పడ్డాయి కాబట్టి తేడా పెద్దగానే కనిపిస్తుంది.

తీసివేత ఎట్లాగంటే, ఊహించిన అంకెలతో ఒక కేంద్రం చూపిస్తాను. అసెంబ్లీలో సైకిల్ 430, ఫ్యాను 380, హస్తం 12, ఇతరులు 10, నోటా 8. మొత్తం 840. ఎంపీకి కమలం 372, ఫ్యాను 405, హస్తం 38, ఇతరులు 14, నోటా 11. ఇదీ 840. కూటమికి 58 తగ్గాయి. ఫ్యానుకి 25, హస్తానికి 26, ఇతరులకు 4, నోటాకి 3 పెరిగాయి. 58 ఎటు పోయాయో తేలింది. మండలంలోని కేంద్రాలన్నిటికీ ఇట్లా వేసి, తగ్గినదాన్ని సైకిల్ ఓట్లలో శాతంగా రాయండి. మొత్తం అంకె కన్నా, ఏ ఊళ్లో 4 శాతం తగ్గింది, ఏ ఊళ్లో 20 శాతం తగ్గిందన్నదే మీ వాదన తేలుస్తుంది.

గూడూరు_గేటు:
పైన చెప్పింది సరే, దానికి ఒక పగ్గం వేయాలి. ఆ 58 నికరం మాత్రమే. ఫ్యాను ఓటర్లలో ఇరవైమంది ఎంపీకి కమలం నొక్కి ఉంటే, సైకిల్ వైపు నుంచి తప్పుకున్నవాళ్లు 78 అవుతారు. కాగితం మీద మాత్రం 58గానే కనిపిస్తుంది. అందుకే 'ఫలానా వీధివాళ్లు, ఫలానా కులంవాళ్లు వేయలేదు' అని ఫారం 20 చూపించి ఎవరన్నా చెప్తే నమ్మబాకండి. ఒక్కో కేంద్రంలో వందలమంది ఓటర్లు కలిసి ఉంటారు, మనిషి వారీగా అది ఏమీ చెప్పదు.

కారణాల సంగతికొస్తే, గుర్తు ఒక్కటే కాదు, మనిషి కూడా. బీజేపీ అభ్యర్థి వెలగపల్లి వరప్రసాదరావు 2014లో ఇదే తిరుపతికి వైసీపీ ఎంపీ, 2019లో గూడూరు వైసీపీ ఎమ్మెల్యే. 2024లో టికెట్ రాకపోతే ఎన్నికల ముందు బీజేపీలో చేరాడు. అంటే గూడూరు సెగ్మెంట్‌లో కూటమి ఓటరు ఐదేళ్లు ఎవరి మీద గుర్రుగా ఉన్నాడో అతనికే ఎంపీ ఓటు వేయాల్సి వచ్చింది. గూడూరు తగ్గుదలను సర్వేపల్లి, సూళ్లూరుపేటల తగ్గుదలతో పోల్చండి. గూడూరులో తేడా ఎక్కువుంటే అభ్యర్థి కారణం కొంత బలపడుతుంది. అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటే గుర్తు వైపు మొగ్గొచ్చు. హస్తం వరసని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పాత ఎంపీ చింతా మోహన్ కాంగ్రెస్ తరఫున నిలబడ్డాడు, ఆయనకొచ్చినవి 14,569 కంటే చాలా ఎక్కువ.

పోలిక కోసం పక్కనే నెల్లూరు పార్లమెంటు ఉండనే ఉంది. అక్కడ ఎంపీకీ ఎమ్మెల్యేకీ రెండు చోట్లా సైకిలే. ఆత్మకూరుకో కోవూరుకో ఇదే తీసివేత వేయండి. గుర్తు మారని చోట మామూలుగా ఎంత తేడా ఉంటుందో తెలియకుండా, మీ సర్వేపల్లి అంకె పెద్దదో చిన్నదో ఎట్లా చెప్తారు?

కొత్తపట్నం_బస్టాండ్:
యంత్రాల మాట ఒంగోలులో ఇంకా ఎక్కువ నడిచింది కాబట్టి అది రాస్తా. 'మతలబు చేసేవాళ్లు ఎంపీ సీటు ఎందుకు వదిలేస్తారు' అనే మాట టీ కొట్టు దగ్గర వాదనకి బాగుంటది, రుజువు మాత్రం కాదు. రుజువు కావాలంటే కాగితాలు రెండు ఉన్నాయి.

ఒకటి 17సీ. పోలింగ్ ముగిశాక ఆ యంత్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో ప్రిసైడింగ్ అధికారి రాసి ఏజెంట్లకి నకలు ఇస్తారు. ఎంపీకి వేరే, ఎమ్మెల్యేకి వేరే. యంత్రం నంబర్లు, సీళ్ల నంబర్లు అందులోనే ఉంటాయి. వెబ్‌సైట్లో ఉండవు, పార్టీ ఏజెంట్‌ని అడగాల్సిందే. 17సీలోని మొత్తం, ఫారం 20లో ఆ కేంద్రం మొత్తం ఒకటే అయుండాలి. పోలింగ్ రోజు సాయంత్రానికీ ఆఖరికీ శాతం పెరగడం మీద గోల చేసినవాళ్లు ఇది సరిచూస్తే సరిపోయేది. ఆరు గంటలకి వరసలో ఉన్నవాళ్లందరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలిస్తారు, వాళ్లు అయ్యేదాకా పోలింగ్ నడవాల్సిందే. మన రాష్ట్రంలో చాలా కేంద్రాల్లో రాత్రి బాగా పొద్దుపోయేదాకా నడిచింది.

రెండోది వీవీప్యాట్, అంటే ఓటు నొక్కగానే స్లిప్పు ముద్రించే యంత్రం. 2019లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి ప్రతి అసెంబ్లీలో చీటీలు తీసి 5 కేంద్రాలు ఎంచుకుని స్లిప్పులు లెక్కిస్తారు. ఎంపీ ఓట్లకి ప్రతి సెగ్మెంట్‌లో మళ్లీ విడిగా 5.

ఇవి చాలవన్న అభ్యర్థికి 2024 ఏప్రిల్ 26 తీర్పుతో ఇంకో దారి వచ్చింది. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు ఫలితం వచ్చిన 7 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఒక అసెంబ్లీ పరిధిలో 5 శాతం యంత్రాల వరకు తనిఖీ చేయిస్తారు. అప్పట్లో ఒక్కో యంత్రాల సెట్‌కి జీఎస్టీతో కలిపి రూ.47,200. ఒంగోలులో వైసీపీ అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాలకి పెట్టారు, లెక్క వేస్తే రూ.5,66,400. జనం జూన్ 4న వచ్చిన ఓట్లు మళ్లీ బయటికి తీసి చూపిస్తారనుకున్నారు. ఎన్నికల సంఘం అప్పటి పద్ధతిలో ఉన్నదేమో యంత్రం మీద కొత్తగా 1,400 ఓట్ల దాకా మాక్ పోల్ (ఉత్తుత్తి ఓటింగ్) వేసి, అంకె సరిపోయిందా అని చూడటం. అసలు పేచీ అక్కడే వచ్చి వ్యవహారం హైకోర్టుకి ఎక్కింది. కావాలన్నదొకటి, చేసి చూపించిందొకటి అయినప్పుడు అనుమానం తీరదు. నా లెక్కలో ఆ తనిఖీతో ఏ పక్కా గెలిచినట్టు కాదు.

పొదలకూరు_నిమ్మకాయ:
అందరికీ థాంక్స్ అన్నా. కొన్ని కేంద్రాలు వేసి చూశా. రెండు అనుమానాలు. ఒక కేంద్రంలో ఎంపీ మొత్తం ఎమ్మెల్యే మొత్తం కంటే 2 తక్కువ ఉంది. ఇది తప్పా? ఇంకోటి, ఇదే లెక్క 2019తో కూడా పోల్చొచ్చా?

ఫారం_ఇరవై:
ఒకటీ రెండూ తేడా మామూలే. ఒక యంత్రం మీద నొక్కి రెండోది నొక్కకుండా బయటికొచ్చేసేవాళ్లు ఉంటారు. ఒక షీటులో కేంద్రం మొత్తం ఖాళీగానో సున్నాగానో ఉంటే అప్పుడు ఆగి చూడండి. ఉదయం మాక్ పోల్ ఓట్లు చెరపకుండా పోలింగ్ మొదలుపెట్టిన యంత్రం గానీ, 17సీతో అంకె కలవని యంత్రం గానీ అయితే పక్కన పెడతారు. అట్లాంటి కేంద్రాల మొత్తం ఓట్లు గెలుపు తేడాకి సమానమో ఎక్కువో అయితేనే వాటి వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తారు. గిద్దలూరులా 973 ఓట్ల తేడాతో తేలిన చోట ఇట్లాంటి కేంద్రాలు రెండున్నా లెక్కించాల్సి రావచ్చు. సర్వేపల్లి తేడాకి ఆ అవసరం రాదు. మీ పట్టికలో మాత్రం ఆ కేంద్రాన్ని రెండు షీట్ల నుంచీ తీసేయండి.

2019తో పోల్చాలంటే కేంద్రం నంబర్లు నమ్మొద్దు. ఓటర్లు పెరిగిన చోట విడదీశారు, 'ఎ' అని అనుబంధ కేంద్రాలు పెట్టారు, దాంతో కింద నంబర్లన్నీ జరిగాయి. రెండు ఏళ్ల పోలింగ్ కేంద్రాల జాబితాలు తీసుకుని బడి పేరు, ఊరి పేరు బట్టి కలపండి. కేంద్రం వారీగా కాకుండా ఊరి వారీగా కూడితే సగం గొడవ వదులుతుంది. 2021 ఏప్రిల్ ఉప ఎన్నిక షీటు మాత్రం ఇందులో కలపొద్దు. అప్పుడు ఎంపీ ఓటు ఒక్కటే ఉంది, తీసేయడానికి పక్కన అసెంబ్లీ షీటే లేదు.

గూడూరు_గేటు:
మండలం పూర్తయ్యాక శాతాల పట్టిక ఇక్కడే పెట్టు అబ్బయ్యా, ఆత్మకూరుది నేను వేస్తా. అంకెలతో పాటు ఏ కేంద్రాలు తీసేశావో కూడా రాయి. లేకపోతే రేపు ఎవరో వచ్చి అవే ఎందుకు దాచావని మొదలుపెడతారు.