అప్‌డేట్: వాడకుండానే హైడ్రాలిక్ హోస్‌లకు పగుళ్లు - కారణం దొరికింది

గోడౌన్‌లో కొత్త హైడ్రాలిక్ హోస్‌లు (యంత్రాల్లో ఒత్తిడితో ఆయిల్ పంపే రబ్బరు గొట్టాలు) వంపు దగ్గర సన్నగా పగులుతున్నాయి, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ‘పక్కన మోటార్లు, వెల్డింగ్ ఏమైనా ఉన్నాయా?’ అని అడిగినాయన మాటే నిజమైంది. టెక్నీషియన్ వచ్చి చూశారు. ర్యాక్ పక్కనే మా వెల్డింగ్ మెషిన్. వెల్డింగ్ మెరుపు (ఆర్క్) వల్ల పుట్టే ఓజోన్ వాయువు రబ్బరును తినేస్తుందట. మేకులకు వేలాడదీయడంతో వంగిన చోట రబ్బరు సాగి, సరిగ్గా అక్కడే చీలింది. ఎలుకలు కొరికాయేమో అనుకున్నాను, కానీ వాటికీ దీనికీ సంబంధం లేదు, అనవసరంగా బోన్లు కొన్నాను!

వెల్డింగ్ బయటికి మార్చాం. హోస్ చుట్టలను వేలాడదీయకుండా పడుకోబెట్టి, చివర్లకు క్యాప్‌లు పెట్టి, నల్ల కవర్ కప్పాం. హోస్ మీద ‘3క్యూ21’ అంటే 2021 మూడో త్రైమాసికంలో తయారైందని అర్థమట. ఇప్పుడు అది చూసి పాతదే ముందు పంపుతున్నాం. పగిలినవన్నీ స్క్రాప్‌కి పోయాయి.