పాత తెలుగు సినిమాలు, దూరదర్శన్ ప్రసారాలు: మంచి కాపీ ఇంట్లో దాచుకునేదెలా?

తెనాలి రీలు:
పాత తెలుగు సినిమాలు బ్లూరే మీద ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసి చూసి విసుగొచ్చింది. స్ట్రీమింగ్‌లో ఈ నెల కనబడ్డ సినిమా వచ్చే నెలకి ఉండట్లేదు. యూట్యూబ్‌లో చూద్దామంటే స్కోప్ (వెడల్పు తెర) సినిమాకి పక్కలు కోసేసి, మూలన లోగో వేసి, పాటల దగ్గర కత్తెర పెట్టినవే ఎక్కువ. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974). దాన్ని పూర్తి వెడల్పుతో, పూర్తి నిడివితో ఇంట్లో పెట్టుకోవాలనుకోవడం అత్యాశేం కాదు కదా.

పాత డీవీడీ కొనేముందు అది మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? వీసీడీలు కంప్యూటర్లోకి కాపీ చేస్తుంటే మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతున్నాయి, వాటికి దారేమిటి? ‘ఆనందో బ్రహ్మ’ లాంటి దూరదర్శన్ కార్యక్రమాలు టీవీ నుంచి రికార్డు చేసిన వీహెచ్ఎస్ క్యాసెట్లు కూడా ఉన్నాయి. కొన్నింటికి తెల్లగా బూజు పట్టింది. తెలిసినవాళ్లు చెప్పండి.

స్కోప్ తెర:
ముందు డీవీడీ సంగతి. అట్ట మీద ‘మూడు సినిమాలు ఒకే డిస్క్‌లో’ అని ఉంటే దాని జోలికి పోకండి. లెక్క చూడండి: ఒక్కో సినిమా 160 నిమిషాలు అనుకుంటే మూడింటికి 480 నిమిషాలు. 4.7 జీబీ డిస్క్‌లో అంతా ఇరికిస్తే బొమ్మకీ శబ్దానికీ కలిపి సెకనుకి 1.3 మెగాబిట్లే దక్కుతాయి. వీసీడీకి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, కానీ డీవీడీ బొమ్మలో చుక్కలు నాలుగు రెట్లు. అందుకే యుద్ధాలు, వానలు, గుంపులు వచ్చినప్పుడల్లా తెర గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. అదే సినిమా ఒక్కటే 8.5 జీబీ రెండు పొరల డిస్క్ మీద ఉంటే సెకనుకి 7 మెగాబిట్లు వస్తాయి.

రెండోది వెడల్పు. వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లుండే స్కోప్ ఫ్రేముని పాత 4:3 టీవీ నిండేలా కోస్తే 43 శాతం బొమ్మ పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీన్ పెట్టి చూడండి. ఒకళ్ల ముక్కు మాత్రమే కనబడుతుంటే అది కోసిన కాపీ. పైనా కిందా నల్లపట్టీలు ఉన్నంతమాత్రాన సంబరపడొద్దు. 4:3 లోనే పట్టీలు వేసిన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డిస్క్‌లో అసలు బొమ్మకి 327 గీతలే మిగులుతాయి, అనామార్ఫిక్ డిస్క్ (16:9 వెడల్పు బొమ్మని కుదించి ఎక్కించి, చూసేటప్పుడు సాగదీసేది) అయితే 436 దాకా ఉంటాయి. కంప్యూటర్లో ఆడించి, ప్లేయరు డిస్క్‌ని 16:9గా గుర్తిస్తుందో లేదో చూసుకోండి.

నిడివికి నా మాటా అట్ట మీది మాటా నమ్మక్కర్లేదు. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపండి, అందులో పొడవు మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.43 మీటర్లు నడుస్తుంది. 4500 మీటర్లు అని ఉంటే 164 నిమిషాలన్నమాట. అయితే పాల్ వీడియోకి మార్చేటప్పుడు సెకనుకి 24 ఫ్రేముల్ని 25గా నడిపిస్తారు కాబట్టి అదే సినిమా 157న్నర నిమిషాల్లో అయిపోతుంది. అంతకన్నా ఐదు పది నిమిషాలు తక్కువుంటే ఎక్కడో కోత పడిందని అర్థం. ఘంటసాల గొంతు కాస్త సన్నగా, శ్రుతి పెరిగినట్టు వినబడటానికి కూడా ఈ 4 శాతం వేగమే కారణం.

డిస్కుల డబ్బా:
వీసీడీల విషయంలో తొందరపడండి, అవి రోజురోజుకీ పాడవుతున్నాయి. కాపీ ఎందుకాగుతుందంటే, మామూలు డేటా సీడీలో ప్రతి సెక్టారుకీ (డేటా ముక్కకీ) తప్పులు దిద్దుకునే కోడ్ అదనంగా ఉంటుంది. వీసీడీలో ఆ చోటు కూడా వీడియోకే వాడేశారు. అందుకని చిన్న గీత పడ్డా విండోస్ ‘చదవలేను’ అని చేతులెత్తేస్తుంది.

వీసీడీలోని .DAT వీడియో ఫైల్‌ని లాగి ఫోల్డర్లో పడేసే పద్ధతి మానేయండి. ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ తెరిచి, వీడియో ట్రాక్ మీద కుడి క్లిక్ చేసి, ఎంపెగ్ ఫ్రేములు మాత్రమే బయటికి తీసే ఆప్షన్ ఎంచుకోండి. చదవలేని సెక్టార్లని వదిలేసి ముందుకు పొమ్మంటే ఆ చోట అర సెకను గళ్లు కనబడతాయి, మిగతా సినిమా దక్కుతుంది. ఒక డ్రైవ్ చదవని డిస్క్‌ని ఇంకొకటి చదవచ్చు, పాత డెస్క్‌టాప్ డ్రైవులు దొరికితే పారేయకండి. డిస్క్‌ని తడి మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు.

ఒక్కో సినిమాకి వచ్చిన రెండు మూడు ఫైళ్లని ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వరసగా అతికించండి. హ్యాండ్‌బ్రేక్ లాంటి కన్వర్టర్లో పెట్టి మళ్లీ కుదించొద్దు. నిమిషానికి 10 ఎంబీయే కదా, 160 నిమిషాలకి 1.6 జీబీ. ఆ మాత్రం జాగా కోసం ఉన్న కాస్త బొమ్మనీ పాడుచేసుకోవడం ఎందుకు?

క్యాసెట్టు బాబాయ్:
బూజు పట్టిన క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టకండి. బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. ముందు ఆ క్యాసెట్లని విడిగా కవర్లో వేసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి కొన్నాళ్లు ఆరనివ్వండి. తర్వాత మూతికి మాస్క్ కట్టుకుని, ఆరుబయట ఐదు స్క్రూలూ విప్పి, చక్రాల అంచున ఉన్న పొడిని పొడిబ్రష్‌తో దులపండి. పెంకు పాడైతే చక్రాలని మంచి క్యాసెట్ పెంకులోకి మార్చేయచ్చు. హెడ్డు తుడవడానికి దూది పుల్లలు వాడొద్దు, పోగులు తట్టుకుని హెడ్డు విరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామీ తోలుని కదలకుండా పట్టుకుని, హెడ్డు బిగించి ఉన్న డ్రమ్ముని వేలితో తిప్పాలి. తోలుని పైకీ కిందకీ ఆడించకూడదు.

చూసేముందు క్యాసెట్‌ని చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. టేపు బిగువు సమానమవుతుంది.

ఇక కాప్చర్, అంటే క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడం. చవక యూఎస్‌బీ డాంగిల్‌ని నేరుగా వీసీఆర్‌కి తగిలిస్తే, సిగ్నల్ వణికినప్పుడల్లా ఫ్రేములు జారిపోయి, అరగంట గడిచేసరికి పెదాలొకటి మాటొకటి అవుతాయి. మధ్యలో ఆ వణుకుని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉండాలి. అది ఖరీదు. దానికి బదులు పానసోనిక్ ఈఎస్10 లేదా ఈఎస్15 డీవీడీ రికార్డరు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, రికార్డు చేయకుండా వీడియోని అందులోంచి పంపితే చాలు, గీతల వంకర సర్దుకుంటుంది. వర్చువల్‌డబ్ అనే కాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సినవి: 720×576, సెకనుకి 25 ఫ్రేములు, హఫ్‌వైయూవీ (నాణ్యత పోకుండా కుదించే కోడెక్), శబ్దం 48 కిలోహెర్ట్జ్. గంటకి 30–40 జీబీ తింటుంది, సిద్ధంగా ఉండండి. జారిన ఫ్రేముల లెక్క సున్నా రావాలి.

చాలామంది ఒక విషయంలో పొరబడతారు. సినిమా క్యాసెట్‌నీ, స్టూడియోలో వీడియో కెమెరాతో తీసిన సీరియల్‌నీ ఒకేలా డీఇంటర్‌లేస్ చేస్తారు. టీవీ బొమ్మ గీత విడిచి గీతగా రెండు సగాలుగా (ఫీల్డులుగా) వస్తుంది, వాటిని పూర్తి ఫ్రేములుగా మార్చడమే డీఇంటర్‌లేస్. సినిమాలో రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేము నుంచి వచ్చినవి, కలిపితే చాలు. డీఇంటర్‌లేస్ చేస్తే ఉన్న వివరం పోతుంది. దూరదర్శన్ స్టూడియో కార్యక్రమానికి సెకనుకి 50 వేర్వేరు ఫీల్డులుంటాయి. దాన్ని క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ స్క్రిప్టుతో 50 ఫ్రేములుగానే ఉంచాలి, అప్పుడే అలనాటి టీవీ చూసినట్టుంటుంది.

ప్రకటనలు, వాతావరణ వార్తలు, ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ బోర్డు, ఇవేవీ కోసేయకండి. ఏ రోజు ప్రసారమో పట్టుకోవడానికి అవే ఆధారం. ఆ రోజుల్లో కేంద్రాల్లో ఒక టేపు మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లు కాబట్టి, మీ దగ్గరున్నదే మిగిలిన ఒక్క కాపీ కావచ్చు.

తెనాలి రీలు:
అందరికీ ధన్యవాదాలండీ. సర్టిఫికెట్ మీటర్ల కిటుకు చాలా పనికొచ్చేది. ‘మాయాబజార్’ రంగుల కాపీ కొనచ్చా? పాత సినిమాలకి హక్కుల గొడవ ఎంతవరకు ఉంటుంది?

స్కోప్ తెర:
2010లో వచ్చిన రంగుల ‘మాయాబజార్’ వెనక పడ్డ శ్రమ గొప్పది, కాదనను. కానీ 1957 నాటి 4:3 బొమ్మని స్కోప్ తెరకి సరిపెట్టాలంటే పైనా కిందా కోయాల్సిందే. కొన్ని భాగాలు కూడా తీసేశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలు చూడాలంటే నలుపు తెలుపు కాపీయే దాచుకోండి.

కాపీరైటు కరణం:
మన చట్టం ప్రకారం సినిమాకి హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ‘మాయాబజార్’కి అది 2017 చివరితో, ‘లవకుశ’ (1963)కి 2023 చివరితో తీరిపోయింది. ‘అల్లూరి సీతారామరాజు’కి 2034 చివరిదాకా ఉంది. సాహిత్యం, సంగీతాల లెక్క వేరు, రచయిత పోయాక 60 ఏళ్లు. ‘మాయాబజార్’ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి సినిమా గడువు తీరినా పాటని విడిగా వాడుకునేముందు ఆలోచించాలి.

బ్లూరేకి అసలు అడ్డంకి హక్కులకన్నా నెగటివే. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకీ వెనిగర్ వాసన కొట్టి కుంచించుకుపోతుంది. 70ల నాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు గులాబీ రంగుకి తిరిగాయి. నెగటివ్ బాగుంటేనే 4కె స్కాన్‌కి అర్థం. నిర్మాతల వారసులకి రాసేటప్పుడు ‘బ్లూరే వేయండి’ అని అడగొద్దు. నెగటివ్ ఏ ల్యాబులో ఉంది, ఎన్ని రీళ్లున్నాయి, పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి గానీ ముంబై ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కి గానీ భద్రపరచడానికి ఇస్తారా అని అడగండి.

న్యూజెర్సీ కోడలు:
అమెరికాలో పాత తెలుగు డీవీడీలు కొనేవాళ్లకి ఒక మాట. వీటిలో చాలావరకు పాల్ మాస్టర్‌ని ఎన్‌టీఎస్‌సీకి (అమెరికా టీవీ పద్ధతికి) మార్చినవి. నాట్యం దగ్గర ఆపి ఒక్కో ఫ్రేమే జరపండి. చేతులు రెండేసి నీడల్లా కనబడితే ఫ్రేములు కలిసిపోయాయన్నమాట. క్యూటీజీఎంసీ తర్వాత ఎస్‌రిస్టోర్ అనే స్క్రిప్టు వాడితే చాలావరకు విడిపోతాయి. ఇండియా నుంచి పాల్ (720×576) డిస్క్ తెప్పించుకునే వీలుంటే అదే మేలు, కంప్యూటర్లో ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతుంది.