పైరగాలిలో ‘ర’ ఎక్కడిది?

కొత్తపట్నం: మా మేనల్లుడు కంప్యూటర్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బి-17 బాంబర్‌ను నడిపే ఆట ఆడుతున్నాడు. వాడికి తెలుగులో మెలకువలు రాసిస్తున్నాను. విమాన వేగం బాంబుకూ ఉంటుంది కనుక లక్ష్యం నెత్తిమీదికి వచ్చాక వదిలితే దాటి పడుతుంది. 20,000 అడుగుల నుంచి నేల చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది కనుక చాలా ముందే వదలాలి. ఇంతవరకు రాశాను. పక్క నుంచి తోసే గాలి దగ్గర కలం ఆగింది. పడవ మీద మా తాతయ్య అనేవారు, ‘పైరగాలికి పడవ ముక్కు...’ అని. మిగిలిన సగం గుర్తు లేదు. అది ‘పైర’నా, ‘పైరు’నా?

కావలి: పైరే. మొలగొలుకులు ఊగే పొలాల మీదుగా వచ్చే చల్లగాలి అది.

ఒంగోలు: అలాగైతే ‘పైరుగాలి’ కావాలి కదా! ఉకారం అకారం ఎందుకైంది? ఇది పయ్యెర. పయ్యెర, పైర, అంతే. సముద్రం మీద పైరెక్కడిది?

కావలి: ఊరు నుంచి ఊరపిచ్చుక, ఊరకుక్క రాలేదా? పైగా పయ్యెర అంటేనే గాలి. పయ్యెరగాలి అంటే గాలిగాలి అవుతుంది.

ఒంగోలు: నడిసెంటరు అనడం లేదా మనం? పాత మాటకు అర్థం మసకబారితే జనం పక్కన తెలిసిన మాట చేరుస్తారు.

ఆత్మకూరు: నన్నయ చివరి పద్యం, ఆ శారదరాత్రుల్లో వీచింది సంస్కృతపు సమీరం. అక్కడ ఆగిన అరణ్యపర్వాన్ని అందుకున్నది మన ఎర్రన. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడు, ఈ తీరపు గాలి ఒంటికి తగిలినవాడు. పయ్యెర కోసం ఆయననే వెతకాలి.

కావలి: నెల్లూరులో ఉంటూ తిక్కనను వదిలి ఎర్రన దగ్గరికి వెళ్లారేమిటండీ!

కందుకూరు: అసలు పని మరిచిపోయాం. పైరగాలి ఒళ్లు నిమిరే గాలి. అంత ఎత్తున విమానాన్ని దారి తప్పించేది అడ్డగాలి. ఆ మాటే రాయండి. గాలి వచ్చే వైపు విమానం ముక్కు కొంచెం తిప్పి ఉంచితేనే దారి తిన్నగా సాగుతుంది. లక్ష్యం వైపు ఆఖరి పరుగులో విమానం బాంబులు వదిలే బాంబార్డియర్ చేతిలో ఉంటుంది. నార్డెన్ గురిపరికరం తన లెక్కను విమానపు ఆటోపైలట్‌కు అందిస్తుంది. చుట్టూ గుండ్లు పేలుతున్నా అప్పుడు ఎత్తు, వేగం మార్చకూడదని అబ్బాయికి గట్టిగా చెప్పండి. చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు.

కొత్తపట్నం: అడ్డగాలి అనే రాశాను, బాగుంది. ముక్కు తిప్పడమంటే తాతయ్య మాట కూడా అదే అయి ఉండాలి. ఆదివారం మా పెదనాన్నను అడుగుతాను, ‘పైరగాలి అంటారా, పయ్యెర అంటారా’ అని.

ఒంగోలు: అలా అడగకండి. ఆ మాట మీరు ముందు పలికితే ఆయన మీదే తిరిగి చెబుతారు. సాయంత్రం ఒడ్డున కూర్చోబెట్టి, ఈ గాలిని ఏమంటారని మాత్రం అడగండి.