లోన్ ఉన్న ఇంట్లో భార్య వాటా: పెళ్లి తర్వాతి ఒప్పందం ఎట్లా రిజిస్టర్ చేయించాలి?

హన్మకొండలో 150 గజాల ఇల్లు. సేల్ డీడ్, హోమ్ లోన్ రెండూ భర్త పేరు మీదే. కొన్నప్పుడు కట్టిన సొంత డబ్బులో సగం మాత్రం భార్య పుట్టింటి బంగారం అమ్మితే వచ్చింది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నయి. గొడవలేం లేవు, రేపు మాట రాకుండా రాసుకుందామనే.

100 రూపాయల బాండ్ పేపర్ మీద ఒప్పందం రాసి, ఇద్దరు సాక్షులతో నోటరీ చేయించినం. 'విడిపోతే మనోవర్తి అడగను' అన్న ముక్క లాయర్ తీసేయించిండు. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు అది నిలవడం కష్టమట. అసలు చిక్కు 'ఇంట్లో సగం వాటా భార్యది' అన్న నాలుగో క్లాజు దగ్గర: స్థిరాస్తిలో హక్కు ఇచ్చే కాగితం 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాల్సిందే, నోటరీ ముద్రతో పని కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగితే ఒప్పందం వద్దు, గిఫ్ట్ డీడ్ తెమ్మన్నరు. దానికేమో బ్యాంకు ఎన్‌ఓసీ కావాలె. ఒరిజినల్ దస్తావేజు వాళ్ల దగ్గరే ఉంది, లోన్ తీరేదాకా ఇవ్వం అంటున్నరు. కిస్తీలు ఇంకా 11 ఏళ్లున్నయి.

తెలంగాణలో లోన్ నడుస్తుండగానే భార్య వాటా రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఏ రకం దస్తావేజు పెట్టిన్రు?